విప్పొద్దన్న మేస్త్రి

షెడ్డులో ఎవరైనా పానా పట్టుకుని కనిపిస్తే చాలు, మేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. "బాగున్నదాన్ని ఎందుకయ్యా విప్పుతావ్?" అని మీద పడిపోతాడు. ఇంటికొస్తే ఆ మనిషే వేరు. ఫ్యానో, మిక్సీయో, కుట్టుమిషనో కంటబడితే విప్పి నేలంతా పరవాల్సిందే. బిగించాక ప్రతిసారీ రెండు మరలు మిగులుతాయి. "అవి కంపెనీవాడు ఎక్కువ ఇచ్చినవి" అంటాడు. ఇంట్లో కుట్టుపని చేసే భార్య వాటిని డబ్బాలో దాస్తుంది. ఇప్పుడు నిండుతున్నది రెండో డబ్బా.

ముప్పై ఏళ్ళు బస్సు డిపోలో చేశాడు. తిరిగొచ్చిన బస్సును గంటలో మళ్ళీ రోడ్డెక్కించడం ఆయన పని. రిటైరై ఆర్నెల్లు ఇంట్లో కూర్చున్నాడు. ఇంకో నెల కూర్చుంటే తలుపులు కూడా మిగిలేవి కావు, అంతలో పిలుపొచ్చింది.

ఊరి బయట ఒక కంపెనీ రెక్కలున్న అంతరిక్ష విమానం కట్టింది. రాకెట్టయితే ఒక్కసారి ఎగిరి సముద్రంలో పడుతుంది. ఇది పైకెళ్ళి, తిరిగొచ్చి, రన్‌వే మీద దిగి, మళ్ళీ వెళుతుంది. అందుకే చవక, ఇక జనం బస్సెక్కినట్టు ఎక్కేస్తారని ఊదరగొట్టారు. చిక్కంతా ఆ "మళ్ళీ" దగ్గరే వచ్చిపడింది. దిగిన ప్రతిసారీ ఇంజనీర్లు దాన్ని ముక్కముక్కలుగా విప్పి, చూసి, బిగించేసరికి ఐదు నెలలు. వేడి తగలకుండా పొట్టకింద అంటించిన పలకలే పదివేలు, ఏ రెండూ ఒక్కలా ఉండవు. వాటితో అందరికీ తలప్రాణం తోకకొచ్చేది. దీనికంటే పారేసే రాకెట్టే నయమని నెత్తి బాదుకున్న యజమాని, ఆఖరి ప్రయత్నంగా మేస్త్రిని పిలిపించాడు.

మేస్త్రి మొదటి వారం పానా ముట్టుకోలేదు. పాత రిపేరు పుస్తకాలు ముందేసుకుని చదివాడు. నలభై లోపాల్లో ముప్పై ఒకటి బిగించేటప్పుడు వచ్చినవే. దీపం పట్టుకుని దూరి చూస్తే తోక లోపల ఒక కళ్ళజోడు దొరికింది. రెండుసార్లు అంతరిక్షానికి వెళ్ళొచ్చిన ఆ కళ్ళజోడు కోసం దాన్ని మరిచిపోయిన ఇంజనీరు ఏడాదిగా ఇంట్లో వెతుక్కుంటున్నాడట.

దాంతో మేస్త్రి ఒక నియమం పెట్టాడు. ఏది విప్పాలన్నా ముందు కాగితం మీద కారణం రాయాలి. కారణం బండిలో ఉండాలి, మనిషిలో కాదు. పలకల విభాగం చూసే ఇంజనీరమ్మ ఒకసారి "ఎందుకో అనుమానంగా ఉంది" అని రాసిస్తే, అందరి ముందే చింపేశాడు. ఆమె ముఖం కందగడ్డలా అయింది. అలాగని ఆయన ఊరికే వదిలేసే రకం కాదు. ప్రతి పలకనూ వేలిగణుపుతో తట్టి, చెవి ఆనించి, బోలుగా మోగినదాన్నే ఊడదీయించేవాడు. ఐదు నెలల పని పదకొండు రోజులకు దిగింది.

అప్పుడు యజమానికి హుషారెక్కింది. మామూలు మనిషిని కూడా ఎక్కించి చూపిద్దామన్నాడు. పనివాళ్ళ ఇళ్ళలోంచి పేర్లు తీసుకుని చీటీ తీస్తే మేస్త్రి భార్య పేరొచ్చింది.

"నీ పేరు ఎవరిచ్చారు?" అన్నాడు మేస్త్రి ఇంటికొచ్చి.

"నేనే ఇచ్చాను" అంది ఆమె, సూదిలో దారం ఎక్కిస్తూ. "ముప్పై ఏళ్ళు మీ చేతి బస్సుల్లోనే తిరిగాను. దీన్నెందుకు వదలాలి?"

"ఇది బస్సు కాదే!"

"బస్సులాంటిదేనని ఊరందరికీ చెప్పింది మీరే కదండీ."



ఆ రోజు నుంచి మేస్త్రికి అన్నం సయించలేదు. ప్రయాణానికి ముందురోజు మధ్యాహ్నం, అందరూ భోజనానికెళ్ళినప్పుడు, చక్రాలు లోపలికి ముడుచుకునే గది మూత దగ్గర పానాతో నిలబడ్డాడు. అప్పటికే నాలుగుసార్లు తట్టి చూశాడు, భేషుగ్గా ఉంది. మనసు మాత్రం ఒప్పుకోవడం లేదు. నియమం ఎవరికైనా నియమమే కాబట్టి కాగితం తీసి ఏదో రాశాడు. తల తిప్పితే ఇంజనీరమ్మ!

"ఏం రాశారు మేస్త్రిగారూ?"

ఆయన బొటనవేలితో కప్పబోయాడు. ఆమె కాగితం లాక్కుంది. "నా భార్య ఎక్కుతోంది" అని ఉంది.

నవ్వుతుందనుకున్నాడు. నవ్వినా బాగుండేది.

"పోయినసారి ఇద్దరు పైలట్లు ఎక్కారు" అంది ఆమె మెల్లగా. "వాళ్ళ ఇళ్ళలోనూ మనుషులున్నారు. అప్పుడీ మూత ముట్టుకోనివ్వలేదు మీరు."

"అప్పుడు అవసరం లేదమ్మా."

"ఇప్పుడుందా? ఉంటే చెప్పండి, సంతకం పెడతాను. కానీ ఇప్పుడుంటే అప్పుడూ ఉన్నట్టే. ఇక ప్రతిసారీ విప్పాల్సిందే."

మేస్త్రికి సిగ్గేసింది. ఇన్నాళ్ళూ తన ధైర్యమంతా ఎదుటివాళ్ళ ప్రాణాల మీదేనా అనిపించింది. పానా పక్కన పెట్టి, పాత పైలట్లే ఎక్కుతున్నారనుకుని, మొదటి కాగితం నుంచి తనిఖీ లెక్కలన్నీ మళ్ళీ చదివాడు. ఆమె పక్కనే కూర్చుని ఒక్కొక్కటీ అడిగింది. రెండు గంటలు పట్టింది. తప్పేమీ దొరకలేదు.

"అవసరం లేదు" అన్నాడు చివరికి. పానా ఆమె చేతికిచ్చి, "రేపటిదాకా నాకివ్వకు తల్లీ" అన్నాడు.

తెల్లారాక నిచ్చెన దగ్గర భార్యతో చెప్పేశాడు. "నిన్న విప్పబోయాను. విప్పలేదు."

"భయమేసిందా?"

"వేసింది."

"నాకూ వేస్తోంది" అంటూనే చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ఎక్కేసింది.

మూడు గంటల తర్వాత విమానం దుమ్ము లేపుకుంటూ దిగింది. దిగగానే పొట్టకింద దూరి ముందుగా పలకలు చూడాల్సింది మేస్త్రే. దీపమూ, నిచ్చెనా సిద్ధంగా పెట్టుకుని కుర్రాళ్ళు ఎదురుచూస్తున్నారు. ఆయన వాళ్ళను దాటుకుని పరుగెత్తాడు, తలుపు దగ్గర భార్య రెండు చేతులూ పట్టుకుని నిలబడిపోయాడు.

"వదలండి, జనమంతా చూస్తున్నారు" అంది ఆమె. "ముందు మీ బండి చూసుకోండి."

"దాన్ని రేపు చూస్తాలే" అన్నాడు మేస్త్రి.