ఖాలా చిట్టీ మీద నా టపా

బ్లాగు మొదలుపెట్టినప్పుడు నాకు ఎవరినీ బాగుచేసే ఉద్దేశం లేదు. బట్టల హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు చూసే ఉద్యోగం నాది. పొద్దంతా నోరు మూసుకుని పనిచేసి ఇంటికొచ్చేసరికి నాలుక దురద పెట్టేది. శాలిబండలో మా సందు నిండా వాయిదాల మీద ఫోన్లు కొని, ఆ ఫోన్లలోనే అప్పులిచ్చే యాప్‌లు వెతుక్కునే మనుషులు. వాళ్ల పేర్లు తీసేసి, తెలివితక్కువతనాన్ని మాత్రం ఉన్నదున్నట్టు రాసేదాన్ని. కింద వాటా ఆయన ఏసీ కొని, కరెంటు బిల్లుకు భయపడి దానికి దుప్పటి కప్పి ఉంచిన సంగతి రాస్తే మూడు వందల మంది చదివారు. ఆయనా చదివాడు. "ఎవడో గానీ మస్తు పిసినారి అక్కా," అని నాకే చెప్పి నవ్వాడు. ఆ రోజు నుంచి నాకు కొమ్ములొచ్చాయి.

ప్రతి ఆదివారం ఒక టపా. జ్వరమొచ్చినా మానలేదు. పెళ్లికి వెళ్తే భోజనాల ఖర్చు అంచనా వేసుకుని వచ్చి రాశాను. విషయం దొరకని వారం ఎవరు ఎక్కడ నష్టపోయారా అని చెవులు నిక్కించుకుని తిరిగేదాన్ని. దీన్ని ఆర్థిక అవగాహన అనేవాళ్లు చదివేవాళ్లు. నేను కాదనలేదు.

అలా ఏమీ దొరకని ఒక ఆదివారం, మా అమ్మ రెండు వేలు కొంగున ముడేసుకుని ఖాలా ఇంటికి బయల్దేరింది.

ఖాలా మాకు రెండిళ్ల అవతల ఉంటుంది. భర్త లేడు. చీరలకు ఫాల్స్ కుట్టి బతుకుతుంది. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని. హిందువులమైనా మేమూ చిన్నప్పటి నుంచి అలాగే పిలుస్తాం. ఆమె నడిపే చిట్టీలో ఇరవై మంది. నెలకు తలా రెండు వేలు. పాట ఉండదు, కమీషన్ ఉండదు. స్టీలు గ్లాసులో పేర్ల చీటీలు వేసి ఒకటి తీస్తారు. ఎవరి పేరొస్తే నలభై వేలు వాళ్లవి. మొదటి నెల మాత్రం నడిపేవాళ్లది, అది ఆనవాయితీ. ఎవరికైనా ఆస్పత్రి ఖర్చు పడితే, పేరొచ్చినవాళ్లు తమ వంతు వదులుకునేవాళ్లు. ఇదంతా నోటిమాట మీదే. ఎక్కడా సంతకం లేదు.

ఉత్తపుణ్యానికి ఇంత తిప్పలు ఎవరైనా పడతారని నాకు నమ్మకం కుదరలేదు. ఆ మధ్యాహ్నమే కూర్చుని రాశాను. 'మా సందులో ఒక పెద్దావిడ' అని మొదలుపెట్టి, ఇలాంటి చిట్టీ ఎప్పుడైనా మునగొచ్చని, ముందు తీసుకున్నవాళ్లు కట్టడం మానేస్తే ఎవరూ ఏమీ చేయలేరని విడమరిచి చెప్పాను. చివర్లో ఒక వాక్యం పడింది: 'కాగితం లేని బాకీ అడగడానికే గానీ రాబట్టడానికి పనికిరాదు.' ఆ వాక్యం నాకు ఎంత ముద్దొచ్చిందంటే, అద్దం ముందు నిలబడి పైకి చదువుకున్నాను.

ఆ నెలతో పదకొండు నెలలు పూర్తయ్యాయి. పదకొండు మంది డబ్బు తీసేసుకున్నారు, మా అమ్మతో కలిపి తొమ్మిది మంది వంతు కోసం చూస్తున్నారు. నేను హెచ్చరించింది ఆ తొమ్మిది మందిని. శ్రద్ధగా చదివింది మాత్రం మిగతావాళ్లు.

మరుసటి నెల ఆరుగురు కట్టలేదు. వాళ్లలో సందు మలుపులో పాల బూత్ నడిపే ఆయన ఒకడు, మూడో నెలలోనే తీసుకున్నాడు. ఖాలా అడగడానికి వెళ్తే ఫోన్ తీసి నా వాక్యాన్ని పైకి చదివాడట. "రసీదుందా ఖాలా? లేదు గదా. మరి ఎందుకు లొల్లి?" అన్నాడట. తర్వాత నేను పాలకు వెళ్తే, "మస్తు రాసినవ్ అక్కా, కండ్లు తెరిపించినవ్," అన్నాడు. సిగ్గేసింది. కానీ నిజం చెప్పాలంటే, సిగ్గు కన్నా ముందు సంబరమేసింది. నేను చెప్పినట్టే జరిగిందని చంకలు గుద్దుకున్నాను. 'చూశారా' అని ఇంకో టపా కూడా పెట్టాను.

వంతు రాని తొమ్మిది మందిలో ఎనిమిది మంది ఖాలా గుమ్మం మీద పడ్డారు. మా అమ్మ వెళ్లలేదు. పదిహేను రోజులకు ఖాలానే మా ఇంటికొచ్చింది. చేతులకు బంగారు గాజులు లేవు, రెండు ప్లాస్టిక్ గాజులున్నాయి. కుట్టుమిషను కూడా అమ్మేసిందని అప్పటికే విన్నాం. పదకొండు నెలలు కట్టిన ఇరవై రెండు వేలు అమ్మ ఒళ్లో పెట్టింది.

"గిదేంది ఖాలా, నేను అడిగిన్నా?" అని అమ్మ ఏడ్చింది.

"అందరికి ఇచ్చిన. నీకెందుకు ఆపాలె?" అని ఖాలా నా వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. "బేటీ, నీ ఫోన్ల ఒక్క ముక్క రాయి. ఖాలా అందరి పైసలు ఇచ్చేసిందని. గంతే. సందుల నన్ను దొంగ లెక్క సూస్తున్నరు."

రాస్తానన్నాను. రాశాను కూడా, టపా పైన ఒక వాక్యం. అప్పుడే ఒక పెద్ద వెబ్‌సైట్ వాళ్లు ఆ టపాను వేసుకుంటామన్నారు. ఆ వాక్యం చూసి ఫోన్ చేశారు. "ఆవిడ ఇచ్చేసిందంటే ఇంక స్టోరీ ఏముంది మేడమ్? మునిగిందంటేనే జనం చదువుతారు." నేను తీసేశాను. ఎక్కువసేపు ఆలోచించానని చెప్పుకోవాలనుంది గానీ ఆలోచించలేదు. ఇప్పటికీ ప్రతి ఆదివారం రాస్తున్నాను. చదివేవాళ్లలో సగం మంది ఆ టపా చూసి వచ్చినవాళ్లే.

వెబ్‌సైట్‌లో వచ్చిన వారానికి ఖాలా మళ్లీ వచ్చింది. ఆమెకు ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు చదవడం రాదు.

"రాసినవా బేటీ?"

"రాసిన ఖాలా."

"జర సదివి వినిపియ్యి."

ఫోన్ తెరిచి, లేని వాక్యాన్ని చదివాను. "ఈ చిట్టీ నడిపిన పెద్దావిడ అందరి డబ్బూ ఇచ్చేసింది." ఇంకోసారి చదవమంది. రెండోసారి 'తన గాజులు అమ్మి' అని కలిపాను, బాగుంటుందని. ఖాలా దుపట్టా కొసతో కళ్లు తుడుచుకుని నా తల నిమిరింది.

"గా పాలాయన తోని సదివిస్త. బూత్ కాడ నలుగురు ఉంటరు, అందరు వింటరు," అంటూ లేచింది.

ఆమెకు మోకాళ్ల నొప్పులు. గోడ పట్టుకుని మా మెట్లు దిగి, సందు మలుపు దాకా నడవడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ వాక్యం మళ్లీ చేర్చడానికి ఒక్క నిమిషం చాలు. ఫోన్ నా చేతిలోనే ఉంది, టపా తెరిచే ఉంది. ఎంతమంది చదివారో ఒకసారి చూసుకున్నాను. వంటింట్లోంచి అమ్మ పిలిస్తే వెళ్లి అన్నం తిన్నాను.