ఫైల్లో ఎనిమిది, పెట్టెలో పన్నెండు

నిన్న పుదుచ్చేరి కదిర్కామంలోని ఒక క్లినిక్‌లో మా అమ్మాయికి టీకా వేయించడానికి కూర్చున్నప్పుడు టీకాల ఫ్రిజ్ కూత పెట్టింది. మూడు పొట్టి కూతలు, ఒక పొడుగు. నర్సు తలుపు సరిగ్గా మూసి తన పనిలో పడింది. నేను లేచి ఫ్రిజ్ మీది అలారం పెట్టె చూపే అంకె చూశాను. ఎనిమిది. ఆ కూతను ఎంచింది ఆర్. వేలాయుధం సార్. ఆయన పోయి నాలుగు నెలలైంది.

యానాం నుంచి వచ్చి నేను ఆయన దగ్గర పనికి చేరాను. విల్లియనూరు వెళ్ళే దారిలో, టైర్ల దుకాణం పైన రెండు గదుల్లో, టీకాల ఫ్రిజ్‌లకు అలారం పెట్టెలు తయారు చేసేవాళ్ళం. సార్ వాళ్ళు తరాలుగా పుదుచ్చేరి తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగే అయినా తెలుగు అక్షరం చదవలేరు. దేన్నీ ఊరికే నమ్మరు. పెట్టె బయటికి పోయే ముందు దాని సెన్సారునూ ఒక గాజు థర్మామీటరునూ మంచునీళ్ళలో ముంచి తీసి, రెండింటినీ గుప్పిట్లో పట్టుకొని, ఎన్ని డిగ్రీలకు మోగుతుందో చూసేవారు.

ఆ డిగ్రీ ఒక చిన్న సెట్టింగుల ఫైల్లో ఉండేది. కంపైల్ చేసేటప్పుడే, అంటే రాసిన కోడును పెట్టెలో వేసే ప్రోగ్రాంగా మార్చేటప్పుడే, కంపైలర్ ఆ ఫైలు చదివి, అంకెను ప్రోగ్రాంలో కలిపేస్తుంది. ఆ తర్వాత పెట్టెకు ఫైలుతో పని లేదు. ఒకసారి, ప్రయోగానికి పెట్టుకున్న పన్నెండును ఎనిమిది చేయమన్నారు; అది దాటితే టీకాలు పాడవుతాయి. చేశాను. మర్నాడు ఆయన గుప్పిట్లో థర్మామీటరు ఎనిమిది దాటింది, పది దాటింది. పన్నెండుకు మోగింది.

"మార్చినావా?"

"మార్చాను సార్."

"యాడ? చూపీ."

ఫైలు తెరిచాను. ఎనిమిదే ఉంది. ఆయన తెరను కాదు, నా ముఖాన్ని చూశారు. "ముందే మార్చిందా, ఇప్పుడు మార్చిందా?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. రెండు రోజులు నేను రాసిన కోడంతా వెతికాను. తోచినవన్నీ నోటుబుక్కులో తెలుగులో రాసుకున్నాను. ఆయన వచ్చి వెనక నిలబడ్డారు.

"ఏందప్పా రాసుకుంటా ఉండావు? చదువు, వింటా."

చదివాను.

"ఒక లైను దాటేసినావు."

"లేదు సార్."

"పొయ్యి చెప్పొద్దు తంబీ, అబద్దాలొద్దు. నీ కన్ను కిందికి దూకె."

తప్పలేదు. 'పాత ప్రోగ్రాంను సారే పెట్టెలో వేసి తప్పు నా మీద పెడుతున్నారేమో' అని చదివాను. కింద టైరు మీద సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి. ఆయన కుర్చీ లాక్కొని కూర్చున్నారు.

"ఇది నిన్ననే చెప్పుంటే ఒక దినం మిగిలుండు గదా. నన్ను ఇడిసిపెట్టి లోకమంతా వెతికితే ఎట్ల?"

అప్పుడు ఆయన రాసిన భాగం తెరిచాం. ఎప్పుడు మళ్ళీ కంపైల్ చేయాలో చెప్పే భాగం అది. సార్ రాసిందని నేను ముట్టలేదు, తాను రాసిందని ఆయన చూడలేదు. కోడ్ మారితేనే మళ్ళీ చేయమని ఉంది. సెట్టింగుల ఫైలు సంగతే లేదు. నేను మార్చింది ఆ ఫైలునే కాబట్టి కంపైలర్ దాన్ని మళ్ళీ చదవలేదు. పాత పన్నెండే పెట్టెలోకి పోయింది.

సార్ మోటార్‌సైకిల్ తాళం తీసుకున్నారు. నేను ఫైలు మార్చిన సాయంత్రమే ఇంకో పెట్టె బాహూరు ఆరోగ్యకేంద్రానికి వెళ్ళింది. వ్యాన్ తొందరలో ఆ ఒక్కదాన్నే ఆయన గుప్పిట పట్టలేదు. మోటార్‌సైకిల్ మీద ఇద్దరం వెళ్ళాం. అక్కడి నర్సు పూటపూటా తానే డిగ్రీలు రాసుకున్న పుస్తకం తెచ్చి చూపింది. ఏ పూటా ఆరు దాటలేదు. "మీ పెట్టెను నమ్ముకొని కూర్చుంటానా?" అంది తమిళంలో. సార్ ఆమెకు చేతులెత్తి దండం పెట్టారు. ఆ తర్వాత చేసిన ప్రతి పెట్టె, తనలో కలిసిన అంకెను పైకి చూపేలా చేశాం.

ఆ తర్వాత కూడా ఆయన నన్ను పూర్తిగా నమ్మారనుకోను. ఆస్పత్రిలో చివరి వారం, డాక్టరు ఏమన్నాడని అడిగారు. మందులు మార్చారని, నీరసం తగ్గుతుందన్నారని మాత్రం చెప్పాను. ఆయన నా కళ్ళనే చూశారు. చాలాసేపు చూసి, "సెరి" అన్నారు. ఏ లైను దాటేశావని ఆసారి అడగలేదు. డాక్టరన్న ఆ లైను ఇంకా నా దగ్గరే ఉంది.