పజుండౌంగ్‌లో ఆగిపోయిన ఆట

టీవీకి తగిలించే ఆటపెట్టెతో ఇంటింటికీ చేరిన ఒక జపాన్ కంపెనీ గురించి రాయాలని నాకు ఎప్పట్నుంచో పిచ్చి. పిల్లల బొమ్మలు చేసుకునే చిన్న సంస్థ లోకాన్నంతా టీవీ ముందు కూర్చోబెట్టిన కథ అది. ఆ రోజుల్లో బర్మా మాత్రం తలుపులు మూసుకుని ఉంది. అయినా ఓడ పనివాళ్ళ సంచుల్లో ఆ పెట్టెలు ఒకటీ అరా యాంగోన్ చేరాయట. అలాంటిదొకటి ఓ తెలుగావిడ దగ్గర ఉందని తెలియగానే విమానం ఎక్కేశాను.

ఊరి నడిబొడ్డున ఉన్న చౌక్తడాలోని బస నుంచి ఎండ ముదరకముందే బయల్దేరాను. ఆవిడ ఉండే పజుండౌంగ్ పేటకి టాక్సీకన్నా బస్సు ఎంతో చవక. దిగాక ఎక్కిన సైకిల్ రిక్షాతను మన తెలుగువాడే. "డో అప్పలమ్మ కొట్టుకా? ఆ ఆటపెట్టె మాటెత్తకండి బాబూ, తిడతాది" అని నవ్వాడు.

డో అంటే ఇక్కడ పెద్దావిడకిచ్చే గౌరవం. అప్పలమ్మగారు పప్పులు, అగరొత్తులు అమ్ముతారు. ఆటపెట్టెల గురించే రాస్తున్నానంటే నాకు టీ ఇచ్చి, లోపల్నుంచి గుడ్డ కప్పిన పెట్టె తెచ్చి గుడ్డ తొలగించారు. అబ్బ, ఎంత పదిలంగా ఉందో! ఒక్కసారి ఆన్ చేద్దామా అని చెయ్యి చాపాను.

"ముట్టకు!" అని కసిరారు. ఇంతదూరం వచ్చినవాణ్ణి, నాకూ ఉక్రోషం వచ్చింది. ఏమిటండీ ఇది అన్నాను.

"మా తమ్ముడు సూరిది బాబూ. ఎనబై ఎనిమిదిలో మిలట్రీ సర్కారు మీద జనం తిరగబడ్డ గొడవలప్పుడు పొద్దస్తమానం దీని ముందే కూకునేవోడు. ఊరంతా రోడ్డుమీదుంటే నీకు ఆటలేటిరా అని తిట్టినాను. ఆట మద్దిలో ఆపీసి, ఒచ్చి ఆడతాను, కట్టీకు అక్కా, అనీసి ఊరేగింపులోకి ఎల్లిపోనాడు. మరి రానేదు."

ఆవిడ స్విచ్ కట్టెయ్యలేదు. టీవీ అలాగే వెలుగుతూ ఉంటే, కొన్నాళ్ళకి కరెంటే పోయింది. మళ్ళీ ఆన్ చేస్తే తమ్ముడి ఆట చెరిగిపోతుందేమోనని ఇన్నేళ్ళూ ఎవర్నీ ముట్టనివ్వలేదు.

"నీకు తెలుసు గదా. ఆడి ఆట లోపలుంతాది గదా బాబూ?"

ఆ పెట్టెకి ఆటని దాచుకునే వీలు లేదు. కరెంటు పోయిన క్షణమే అంతా పోయింది. ఆ సంగతే చెప్పాను.

ఆవిడ పెట్టె మీద గుడ్డ మళ్ళీ కప్పారు. "అయితే నాను తిట్టిన తిట్టే మిగిలిందన్నమాట" అన్నారు. తర్వాత పెట్టెని నావైపు తోశారు. "అట్టుకెల్లు. ఇంక కాపలా ఏటికి?"

దానికోసమే వచ్చినవాణ్ణి, చేతులు రాలేదు. ఇక్కడే ఉండనివ్వండి అని ఆవిడ ఒళ్ళో పెట్టి లేచాను. కంపెనీ చరిత్రంతా నాకు కంఠతా వచ్చు. ఆ ఒక్క జవాబూ తెలియకపోయుంటే ఎంత బాగుండేది! ఇంత బాధ ఏ ప్రయాణంలోనూ పడలేదు.

మీరు వెళ్తే పొద్దున్నే వెళ్ళండి, మధ్యాహ్నం కొట్టు మూసేస్తారు. పెట్టె మీద గుడ్డ మాత్రం తియ్యమనకండి. మొన్న రిక్షాతనికి ఫోన్ చేస్తే, ఆవిడ ఇంకా ఎవర్నీ ముట్టనివ్వడం లేదని చెప్పాడు.