బతూల్ టీ కెటిల్

మొరాకోలోని ఫెజ్‌లో మా అమ్మ బతూల్ పోయి ఏడాది కాలేదు. ఎన్నో ఏళ్ల కిందట ఆమెకొచ్చిన కడుపునొప్పి గుర్తొస్తే ఇప్పటికీ చిరాకే. అపెండిక్స్ అనుకుంటే, స్కాన్ చూసిన డాక్టరు, "పేగు మీది చిన్న కొవ్వు ముక్క మెలిపడింది. అరుదు. మాత్రలేసుకుని కదలకుండా పడుకుంటే తగ్గుతుంది, తగ్గకపోతే కోతే," అన్నాడు.

కోతంటే హడలిపోయే మనిషి, పడుకుంటేనా! పరామర్శకు ఎవరొచ్చినా లేచి పుదీనా టీ కాచేది, తర్వాత పొట్ట పట్టుకుని మూలిగేది.

"టీ ముఖ్యమా, ప్రాణం ముఖ్యమా?" అని అరిచాను.

"ఒట్టి నోటితో పంపిస్తే పరువుంటుందట్రా?"

చివరికి ఎదురింటి ఫ్తూమా పిన్ని కెటిల్ ఎత్తుకుపోయింది. "వచ్చినవాళ్లకి నేను పోస్తాలే, బతూలక్కా. నువ్వు లేచావో, ఇది ఇక నీకు రాదు!"

"దాని టీలో చక్కెర ఉండదు, నా పేరు పోతుంది," అని సణుగుతూ అమ్మ పడుకుంది.

వారం తిరక్కుండా నొప్పి పోయింది. ఫ్తూమాతో మాత్రం అమ్మ రంజాన్ దాకా మాట్లాడలేదు.