జర దమ్ తీస్కో

మొన్న ఎండలు ముదిరినయని కూలర్ మూత తీస్తే, లోపల ఎలుక సచ్చి ఉన్నది. ఆ కంపు ముక్కుకు తగలంగనే జహీరాబాద్‌ల మా బడి పియానో యాదికొచ్చింది.

దాంట్ల ఎలుకలు కాపురం పెట్టినయి. మూత ఎత్తుడే ఆలస్యం, ఎలుక ఉచ్చ కంపు, పురుగులు పట్టకుండ ఏసిన డాంబర్ గోలీల వాసన కలిసి గొంతులకు దిగేది. వాయించే మెట్లు జిడ్డుజిడ్డుగా వేళ్లకు అంటేవి. థూ! అందుకే ఊపిరి బిగబట్టి, నేర్పిన చిన్న పాటను ఒక్క ఉరుకుల వాయించేసి బయటపడేదాన్ని.

"గట్ల ఉరికిస్తే ఎట్ల బేటా? ప్రతి లైన్ కాడ జర దమ్ తీస్కో," అన్నది మాకు పియానో నేర్పే రజియా టీచర్.

పాపం, ఆమెకు కూడా కంపు కొట్టిందనుకున్న. ఇక ఆ రోజు నుంచి లైన్ అయిపోవస్తుంటే ఊపిరి చాలక నా వేళ్లు మెత్తబడేవి. చెయ్యి మెల్లగ లేపి, కిటికీ దిక్కు తిరిగి, గుండెనిండ గాలి పీల్చుకొని మళ్ల కంపులకు దిగేదాన్ని.

టీచర్ కళ్లల్ల నీళ్లు తిరిగినయి. "సుభానల్లా! గిప్పుడు పాట మాట్లాడుతున్నది," అని నన్ను దగ్గరికి తీసుకున్నది.

ఆమె దమ్ తీస్కొమ్మన్నది నన్ను కాదు, పాటను అని పెద్దయినంక గాని తెల్వలే. తెలిసి ఏం లాభం? ఇప్పటికీ ఎవరన్న పియానో మీద ఆగి ఆగి, మెత్తగ వాయిస్తుంటే అందరు కళ్లు మూసుకుంటరు. నేను ముక్కు మూసుకుంట.