ఎలుగుబంటికి ఏ తుపాకీ?

మా పెదనాన్నకు తుపాకీ లేదు. వేదాద్రి గుట్టలు దాటి ఆయన చూసిన అడవీ లేదు. అయినా అమెరికాలో గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరిగే కొండల్లోకి వెళ్ళేవాడు నడుముకు ఏ తుపాకీ పెట్టుకోవాలో ఆయనకు తెలుసు. ఫోన్లో వీడియోలన్నీ చూసేసి, జగ్గయ్యపేట టీకొట్టు దగ్గర దొరికినవాళ్ళకల్లా చెప్పేవాడు.

"పిస్తోలు వద్దురా, టైముకి మొరాయిస్తది. రివాల్వరే తీసుకోవాలి. గుండు బరువుండాలి."

చెబుతున్నంతసేపూ ఎడమచేత్తో కుడి జబ్బ తడుముకునేవాడు. నొప్పేమో అనుకునేవాణ్ణి.

ఓ సాయంత్రం పెనుగంచిప్రోలు మిరపతోటలో అడవిపంది మా ఎదురుగా వచ్చి నిలబడింది. పెదనాన్న ఎడమచెయ్యి చొక్కా చేతిలోకి దూరి, ఆ జబ్బనే గట్టిగా పట్టుకుంది. పంది కాసేపు మమ్మల్ని చూసి, విసుగొచ్చినట్టు పక్క పత్తిచేలోకి వెళ్ళిపోయింది.

"ఏముంది పెదనాన్నా అక్కడ?"

"తాయెత్తురా. చిన్నప్పుడు ప్రతిదానికీ జడుసుకుంటున్నానని మా అమ్మ కట్టించింది."

"లోపలేం పెట్టారు?"

చొక్కా చెయ్యి కిందికి లాక్కుని, నా వైపు చూడకుండా అన్నాడు:

"ఎలుగుబంటి వెంట్రుక."