మామ నింపిన ట్యాంకు

మా బామ్మర్ది నిశ్చితార్థం రోజున రెండు కుటుంబాల పెద్దలను జమ్మలమడుగు రోడ్డు మీద, మండుటెండలో నిలబెట్టిన ఘనుడెవరని మా చుట్టాల్లో ఎవరినడిగినా నా పేరే చెబుతారు. మొన్నమొన్న మాటలొచ్చిన పిల్లలు కూడా చెబుతారు. అదేదో నా నోటితో నేనే చెప్పుకుంటే, వాళ్లు చెప్పేదానికన్నా కాస్త మర్యాదగా ఉంటుందని ఈ ప్రయత్నం.

నాకు ప్రొద్దుటూరులో నీళ్ల ట్యాంకులు, పైపులు అమ్మే దుకాణం ఉంది. కాబట్టి మా ఇంట్లో గానీ, వేములలో ఉన్న మా అత్తగారింట్లో గానీ ట్యాంకు అనే మాట వినబడితే అది నీళ్లదే. ఇంకో రకం ట్యాంకు ఉంటుందని మావాళ్ల ఊహకు కూడా రాదు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు కాబట్టే ఇదంతా జరిగింది.

ఆ రోజుల్లో నేనొక పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు కొన్నాను. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి అది. కొండలెక్కుతుంది, ఇసుకలో దిగబడదు, వంకలు దాటుతుంది. మా దుకాణానికీ ఇంటికీ మధ్య కొండా లేదు, ఇసుకా లేదు, వంక మాత్రం ఒకటుంది కానీ దానిమీద వంతెన కట్టేశారు. అయినా రోజూ రాత్రి సెల్‌ఫోన్లో లడఖ్ టూర్ల వీడియోలు చూసి, మంచుకొండల మీద నన్ను నేను ఊహించుకుని నిద్రపోయేవాణ్ణి. అప్పటికి నేను చేసిన అతి పెద్ద టూరు గండికోట. అక్కడా ఎండకు తలనొప్పి వచ్చి మధ్యాహ్నానికే ఇంటికి చేరాను.

ఆ వీడియోల్లో ఒకాయన, బంకులు దొరకని దారిలో వెళ్లేవాళ్లకు రెండో డీజిలు ట్యాంకు లేకపోతే చాలా కష్టం అన్నాడు. ప్రొద్దుటూరులో ఏ రోడ్డెక్కినా ఒక బంకు కనిపిస్తుంది. ఆ మాట ఆయనకు తెలియదు, నాకు గుర్తురాలేదు. మర్నాడే జిలానీ భాయ్ షెడ్డుకు వెళ్లాను. ఆయన కువైట్‌లో చాలా ఏళ్లు బండ్లు బాగుచేసి తిరిగొచ్చిన మెకానిక్కు.

"భాయ్, లడఖ్ పోవల్లంటే ఇంకో డీజిలు ట్యాంకు ఉండల్లంట గదా?"

"లడఖ్ ఏంది సార్, నేను బిగిస్తే ఎడారి దాటచ్చు. ఆడ షేకుల బండ్లకంతా ఇదే పని చేసినా. ఇంతకూ ఎప్పుడు పోతాండారు?"

"ఇంకా అనుకోలే భాయ్."

"యాడికీ పోకున్నా ట్యాంకు మాత్రం ఉండల్ల సార్," అన్నాడు, నాకంటే ఎక్కువ ఉత్సాహంగా.

వెనకాల స్టెపినీ ఉండే చోట దాన్ని తీసి తలుపుకు తగిలించి, ఆ ఖాళీలో ట్యాంకు బిగించాడు. దానికి విడిగా ఒక మూత, అడుగున ఒక బోల్టు, స్టీరింగు పక్కన ఒక స్విచ్చి. స్విచ్చి వేస్తే చిన్న పంపు ఆడి, ఈ ట్యాంకులో ఉన్నది అసలు ట్యాంకులోకి పోతుంది. అంతా అయ్యాక జిలానీ భాయ్ కుంచె తీసుకున్నాడు.

"మూత మీద డీజిలని రాసేస్తా సార్."

"వద్దు వద్దు భాయ్."

"ఏం సార్?"

"మా ఇంట్లో చదువుకున్నోళ్లుండారు."

ఉన్నమాట చెప్పాలి. రెండో ట్యాంకు ఆలోచన నేను ఇంట్లో ముందే ఒకసారి కదిపి చూశాను. "ముందొక డీజిలు ట్యాంకు, వెనకొక డీజిలు ట్యాంకు, నడమ మేమా? నేనెక్కను, పిల్లోళ్లను ఎక్కనియ్యను," అని మా ఆవిడ లలిత అక్కడే తేల్చేసింది. అందుకని ఆ సాయంత్రం ఆమె బండి చుట్టూ తిరిగి, "వెనకాల ఆ డబ్బా ఏందబ్బా?" అని అడగగానే నా నోటికి దగ్గర్లో ఉన్న మాట దానంతటదే వచ్చేసింది.

"నీళ్ల ట్యాంకు."

లలిత మొహం వెలిగిపోయింది. "ఇన్నాళ్లకు ఈ బండికి పనికొచ్చే వస్తువొకటి పెట్టిచ్చినావు," అని అప్పుడే వేములకు ఫోన్ చేసి వాళ్ల నాన్నకు చెప్పింది.

మా మామ సంగతి మీకు తెలియదు కదా. పొలంలో ఆయన వేయించిన బోర్లలో నీళ్లు పడినవాటికన్నా దుమ్ము లేచినవే ఎక్కువ. చివరికి ఒకదాంట్లో కొబ్బరినీళ్లలాంటి నీళ్లు పడ్డాయి. ఆ రోజునుంచి ఇంటికి ఎవరొచ్చినా కాఫీకి ముందు ఆ నీళ్లే ఇస్తాడు, తాగేదాకా ఎదురుగా నిలబడతాడు. అలాంటి మనిషి ఫోన్లో, "దావలో దాహమైనోళ్లకు నీళ్లియ్యల్లనుకున్నావు సూడు, శానా గొప్ప బుద్ధి అల్లుడా," అన్నాడు. నేను కూడా ఔనౌనన్నాను. ఫోన్ పెట్టేసేసరికి నా గొప్పతనం మీద నాకే గౌరవం కలిగింది. తర్వాత దుకాణంలో పడి ఆ మాటే మర్చిపోయాను.

ఇంతలో మా బామ్మర్ది సుదర్శన్‌కు జమ్మలమడుగు సంబంధం కుదిరింది. పిల్లా పిల్లవాడూ మాట్లాడుకున్నారు, ఒకరికొకరు నచ్చారు. చిక్కల్లా పిల్ల తండ్రి దగ్గర. ఆయన బస్టాండులో బస్సులు వేళకు కదిలేట్టు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఊళ్లో అందరూ కంట్రోలర్ సార్ అంటారు. అంతకుముందు ఒక పెళ్లివారు ముహూర్తం దాటాక వచ్చారని గడపలోంచే మజ్జిగ ఇచ్చి పంపించేశాడట. మాకు శుక్రవారం పదిన్నరలోపు తాంబూలాలు మార్చుకోవాలి, ఆ తర్వాత రాహుకాలం. సుదర్శన్‌కు రెండు రోజులుగా నిద్ర లేదు. "బావా, నీ బండిని నమ్ముకున్నా. ఆలీశమైతే ఆ పిల్ల నాకు దక్కదు," అన్నాడు. నేను వాడి భుజం తట్టాను.

గురువారం సాయంత్రం వేముల చేరాం. కొత్త ట్యాంకు ఇంకా ఖాళీగానే ఉంది. మామ ఇంట్లో ట్రాక్టరు కోసం డీజిలు క్యాన్లలో ఎప్పుడూ నిల్వ ఉంటుంది. మంచం మీద నడుం వాల్చి, చాలా పెద్దమనిషిలాగా, "మామా, పొద్దున్నే ఆ వెనక ట్యాంకు నింపిచ్చి పెట్టు," అన్నాను.

"నువ్వు చెప్పల్లనా అప్పా? నేనే నింపుతా," అన్నాడు మామ.

మీకిప్పటికే అర్థమైపోయింది. నాకింకా ఒక పూట పట్టింది.

తెల్లవారి లేచేసరికి మామ తలకు తువాలు చుట్టుకుని, బండి వెనకనుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"నిండిందా మామా?"

"గొంతుదాకా నింపినా. కొత్త ట్యాంకు గదా, ఇనప వాసన కొడతాంటే రెండు తూర్లు కడిగి, గుడ్డలో వడగట్టి మరీ పోసినా."

"వడగట్టినావా! ఎంత శ్రద్ధ మామా నీకు!"

"కడుపులోకి పోయేది గదప్పా. నలక ఉండకూడదు."

బండి కడుపు అనుకుని మురిసిపోయాను. "దావలో ఎవరడిగినా కాదనకుండా ఇయ్యి," అన్నాడు మామ. డీజిలును ఇంత ధారాళంగా దానం చేయమనే మనిషిని నేనెక్కడా చూడలేదు.

అందరం జీపెక్కి బయల్దేరాం. పులివెందులలో ఆగి పూలు, అరటిపండ్లు కొన్నాం. ఎదురుగానే బంకు ఉంది. "బావా, ముల్లు కిందికి పడిపోయింది, డీజిలు కొట్టిచ్చుకుందామా?" అన్నాడు సుదర్శన్. నేను నవ్వి ఊరుకున్నాను. నా కొత్త స్విచ్చి వేసే భాగ్యాన్ని బంకు పాలు చేస్తానా?

ముద్దనూరు దాటి జమ్మలమడుగు రోడ్డెక్కాక, ముల్లు బాగా అడుక్కి దిగిందని చూసి, అందరికీ వినబడేట్టు గొంతు సవరించుకుని స్విచ్చి వేశాను. వెనక పంపు ఆడింది. ముల్లు మెల్లగా పైకి లేచింది. దానితోపాటు నేనూ సీట్లో కొంచెం పైకి లేచాను. కాసేపటికి ఎదురుగా చుక్క గుర్తున్న పసుపు దీపం వెలిగింది.

"ఏంది ఆ లైటు?" అంది లలిత.

"ట్యాంకు బాగా పనిచేస్తాందని."

బండి ఒకసారి దగ్గింది. రెండోసారి గట్టిగా దగ్గింది. మూడోసారి దగ్గే ఓపిక లేక రోడ్డు పక్కకు జరిగి ఆగిపోయింది. తాళంచెవి తిప్పాను, మళ్లీ తిప్పాను. బానెట్ ఎత్తి లోపలికి చూశాను. చూడటం తప్ప నాకు చేతనైంది ఏమీ లేదు.

మామ దిగి వచ్చాడు. ఆయనకు ఏ బెంగా లేదు. "రేడియేటర్లో నీళ్లయిపోయింటాయి. దానికేం కంగారు? మన ట్యాంకు ఉండాది గదా, నాలుగు చెంబులు పట్టు."

"ఏం పట్టల్ల మామా?"

"నీళ్లప్పా."

"ఏ నీళ్లు?"

"నువ్వు నింపమంటివి గదా, ఆ నీళ్లు. మన బోరువి."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "నీళ్లు ఇంజన్లోకి పోయినాయి!" అనేశాను. డీజిలు బండికి, గుడ్డలో వడగట్టిన బోరు నీళ్లు, నా చేతులతో నేనే స్విచ్చి వేసి తాగించాను. పైగా డీజిల్లో నీళ్లున్నాయని ఆ చుక్క దీపం మొత్తుకుంటే సంతోషించాను.

"నీళ్ల ట్యాంకులో నీళ్లు ఇంజన్లోకి ఎట్ల పోతాయి?" అంది లలిత. నన్నే చూస్తూ అంది. నేను రోడ్డు పక్క శనగ చేను చూస్తున్నాను.

మామ బండి వెనక్కి పోయి మూతలు చూసొచ్చాడు. "నేనే తప్పు మూతలో పోసినానేమో తల్లీ. రెండు మూతలుండాయి. కండ్లు సరిగ్గా ఆనల్యా," అన్నాడు. పోయి అక్కడున్న రాయి మీద కూర్చున్నాడు. "నా కొడుకు సంబంధం నా చేతుల్తో నేనే చెడగొట్టుకుంటి."

అప్పుడే నోరు తెరవాల్సింది. తెరవలేదు. నా ధైర్యానికి ఫోర్ వీల్ డ్రైవ్ లేదని ఆ రోజే తెలిసింది. ఇంతలో సుదర్శన్ ఫోన్ మోగింది. వాడు ఎత్తకుండా దాన్ని నా చేతిలో పెట్టాడు.

"యాడుండారు?" కంట్రోలర్ సార్.

"ముద్దనూరు దాటినాం సార్. బండి ఆగిపాయ."

"బ్రేక్‌డౌనా?"

"ఔ సార్."

"పక్కన రాయి మీద జమ్మలమడుగు ఎంతని రాసుండాది?"

చదివి చెప్పాను.

"కదలద్దండి," అని పెట్టేశాడు.

కొంతసేపటికి ఒక ఆటో, దాని వెనక ఇంకో ఆటో వచ్చి ఆగాయి. కంట్రోలర్ సార్ దిగాడు, వాళ్ల ఇంటి ఆడవాళ్లు దిగారు, పళ్లెంతో పంతులు దిగాడు, పట్టుచీరలో పెళ్లికూతురు కూడా దిగింది. సార్ వాచీ చూసుకుని, "రాహుకాలాన్ని జరపడం నా చేతిలో లేదు. అందుకని నిశ్చితార్థాన్నే జరిపినా. ఈడనే కానిద్దాం," అన్నాడు. తర్వాత డీజిల్లో నీళ్లు కలిశాయని సుదర్శన్ చెప్పగా విని, బండి వైపు తిరిగి, "ఎవరు చేసినారు ఈ పని?" అని అడిగాడు.

మామ రాయి మీదినుంచి లేచి చేతులు జోడించాడు. "నేనే సార్. ముసిలోన్ని, నీళ్లు పోయరాని కాడ పోసినా. నా తప్పుకు పిల్లోన్ని..."

ఆ జోడించిన చేతులు చూశాక ఇక దాక్కోలేకపోయాను. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. "మామది తప్పు కాదు సార్," అన్నాను. "అది డీజిలు ట్యాంకే. ఇంట్లో తిడతారని నీళ్ల ట్యాంకని చెప్పినా. ఆయప్ప నమ్మినాడు, నింపినాడు. నేను చెప్పింది నేనే మర్చిపోయినా."

అందరూ నన్నే చూశారు. పెళ్లికూతురు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామ నా దగ్గరికి వచ్చాడు. చెంప పగలగొట్టినా తప్పు లేదు.

"అంటే, నేను పోయల్సిన దాంట్లోనే పోసినానా?"

"దాంట్లోనే పోసినావు మామా."

"అబ్బ!" అని గుండె మీద చెయ్యేసుకున్నాడు. "ఇంగేం పర్వాల్యా." అంతే. తిట్టుంటే నాకు కాస్త తేలికయ్యేది.

ఆ ఉత్సాహంలో ఆయన పానా తీసుకుని బండి కిందికి దూరాడు, ట్యాంకు అడుగు బోల్టు వదులు చేశాడు. వడగట్టిన బోరు నీళ్లు ధారగా వచ్చాయి. మగపెళ్లివారిగా మాకు జరగాల్సిన మర్యాద వదిలేసి, చెంబుతో పట్టి కంట్రోలర్ సార్ కాళ్లకు ఆయనే నీళ్లిచ్చాడు. ఎండలో వచ్చిన ఆడవాళ్లందరూ మొహాలు కడుక్కున్నారు. పూలు, అరటిపండ్లు బానెట్ మీద పేర్చి, రాహుకాలం రాకముందే తాంబూలాలు మార్చుకున్నాం. సుదర్శన్ నవ్వడం మూడు రోజుల్లో అదే మొదటిసారి.

వెళ్తూ వెళ్తూ కంట్రోలర్ సార్ మామతో ఒకే ఒక షరతు చెప్పాడు. "పెండ్లికి మీ పెద్దల్లుడు బండి తీయకూడదు. బస్సులో రమ్మను." బస్సులోనే వెళ్లాను. అక్కడ ఆయన నాకు అప్పగించిన పని, పొద్దుననుంచి సాయంత్రందాకా మండపం వెనక నీళ్ల ట్యాంకరు దగ్గర నిలబడటం. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ నన్ను చూపించి, "ట్యాంకుల్లో ఈయనకు మంచి అనుభవం ఉండాది," అని పరిచయం చేశాడు.

కాబట్టి పెద్దలారా, మా అత్తగారి ఊరి బోరు సాక్షిగా, జిలానీ భాయ్ స్విచ్చి సాక్షిగా ఇందుమూలముగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మా మామకు అబద్ధం చెప్పను. తప్పనిసరై చెప్పాల్సి వస్తే, ఆయన నింపలేని వస్తువు గురించి మాత్రమే చెబుతాను.